అనంతమ్మ ఇంటి చాయ్

అనంతమ్మకు ఒళ్ళు మండిందంటే మండదా మరి! మూడేళ్ళ నుంచి మంగళవారం మంగళవారం గడప ముందుకు వచ్చే మనిషి. వేలు పట్టుకుని సూది గుచ్చి, నెత్తురు చుక్క తీసి, మిషన్‌లో షుగర్ అంకె చూసి, నెలకోసారి గోలీల సంచి చేతిలో పెట్టి పోయే మనిషి. అలాంటి మనిషికి మూడేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అనంతమ్మ ఇంటి చాయ్ గొంతు దిగలేదు.

"వద్దు అనంతమ్మా, ఇప్పుడే తాగొచ్చిన" అంటుంది నర్సు మహేశ్వరి. ఎండాకాలం అదే మాట, ముసురు పట్టిన రోజూ అదే మాట. మొదట్లో అనంతమ్మ నమ్మింది. పది ఇళ్ళు తిరిగే నర్సమ్మ, ఎక్కడో తాగే ఉంటుందిలే అనుకుంది. అయినా వచ్చినప్పుడల్లా పొయ్యి మీద గిన్నె పెడుతూనే ఉంది, అడుగుతూనే ఉంది. ఇంటికొచ్చిన మనిషిని చాయ్ అడగకుండా పంపడం అనంతమ్మ వల్ల అయ్యే పని కాదు.

జహీరాబాద్ పెరిగి పెరిగి తనలో కలిపేసుకున్న పాత ఊళ్ళలో అదొకటి. ఊరు మున్సిపాలిటీలో కలిసింది గానీ ఊరు ఊరుగానే ఉంది, వాడ వాడగానే ఉంది. నడుమ సిమెంటు రోడ్డు పడింది, అంతే. రోడ్డుకు ఆ పక్క ఊరి ఇళ్ళు, ఈ పక్క చర్చి వెనకాల వాడ ఇళ్ళు. మహేశ్వరి కూడా ఆ పక్క వాళ్ళ లాంటి కులంలోనే పుట్టింది, కాకపోతే ఇల్లు పట్నం నడిబొడ్డున. అనంతమ్మకు యాభై రెండేళ్ళు. మొగుడు పీటర్ అల్లం గోదాం దగ్గర కాపలా ఉంటాడు. ఆమె పొద్దుగూకే వేళకు బైపాస్ చౌరస్తాలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆ చౌరస్తాలో ఆగే లారీ డ్రైవర్లకు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు అనంతమ్మ రొట్టె అంటే ప్రాణం. పల్చగా, అంచు విరగకుండా, నిండు చందమామలా దిగుతుంది పెనం మీద నుంచి.

ఆ మంగళవారం జొన్నలు పట్టించుకుని గిర్నీ నుంచి వస్తోంది అనంతమ్మ. నెత్తిన పిండి డబ్బా. ఆ పక్క వీధిలో శరణమ్మ ఇంటి ముందు నుంచి దారి. చూస్తే ఏముంది! అరుగు మీద చాప వేసుకుని, కాళ్ళు మడిచి, మహేశ్వరి కూర్చుని ఉంది. చేతిలో స్టీలు గ్లాసు. ఊదుకుంటూ ఊదుకుంటూ తాగుతోంది. తాగడం అయ్యాక గ్లాసు అరుగు మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. శరణమ్మ నవ్వుకుంటూ ఆ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆ గ్లాసును చూస్తుంటే అనంతమ్మకు ఇంకో గ్లాసు గుర్తొచ్చింది. అదే ఇల్లు. పెళ్ళయి వచ్చిన కొత్తలో శరణమ్మ వాళ్ళ కందిచేలో కలుపు తీయడానికి పోయేది తను. పొద్దున చాయ్ పోసేవాళ్ళు, పోయలేదని అబద్ధం ఎందుకు ఆడాలి. పోసేవాళ్ళు. కానీ అనంతమ్మ గ్లాసు వేరు. పశువుల కొట్టం గోడకు ఒక గూడు, ఆ గూట్లో సొట్టలు పడ్డ గ్లాసు. తనే తీసుకోవాలి. పైనుంచి పోస్తే తాగాలి. తాగాక తనే కడగాలి, తనే గూట్లో బోర్లించి పోవాలి. పదకొండేళ్ళు కడిగింది ఆ గ్లాసును. రొట్టెల పొయ్యి పెట్టుకున్న రోజునే ఆ ఇంటి పని మానేసింది, గ్లాసు మాత్రం మనసులోంచి పోలేదు.

ఇంటికొచ్చి డబ్బా దించి, పట్టుబట్టి మరీ చాయ్ పెట్టింది. అరగంటకు మహేశ్వరి వచ్చింది.

"తాగు సిస్టరమ్మా."

"వద్దు అనంతమ్మా, ఇప్పుడే తాగొచ్చిన."

"ఆ, ఈ పొద్దు నిజమే చెప్పినవ్. శరణమ్మ అరుగు మీద తాగినవ్, నా కండ్లార చూసిన. మరి మూడేండ్ల సంది వచ్చినప్పుడల్ల గట్లనే తాగొస్తున్నవా? ఎండల, వానల, నా ఇంటికొచ్చే ముందే నీ కడుపు నిండిపోతదా?"

మహేశ్వరి మిషన్ బయటికి తీయబోయి ఆగింది. "అది కాదు..." అంది.

"ఏది కాదు? మా ఇంటి నీళ్ళు నీళ్ళు కావా? మా గ్లాసు కుట్టిందా?" అనంతమ్మ గొంతు వాడంతా వినబడింది. పక్కింటి నాగరాణి చేటలో బియ్యం పట్టుకునే బయటికి వచ్చింది. "ఇగో, నీ గోలీలు. తీసుకపో. నా ఇంటి చాయ్ నీకు పనికిరానప్పుడు నీ చేతి గోలీ నాకెందుకు పనికొస్తది?"

సంచి మహేశ్వరి కాళ్ళ దగ్గర పడింది. ఆమె వంగి తీసుకుంది, రిజిస్టరులో ఏదో రాసుకుంది, పోయింది.

సాయంత్రం డ్యూటీకి పోబోతూ పీటర్ విని నెత్తి కొట్టుకున్నాడు. "గోలీలు ఆమె ఇంట్లకెళ్ళి తెచ్చిందా? సర్కారువి. నీవి. నీవు ఎవలి మీద అలుగుతున్నవే?"

"నాకెరుకలేదా? అయినా ఆమె చేతిలకెళ్ళి తీసుకోను. నా ఖుషి."

"మరి పట్నం దవాఖానకు పోయి తెచ్చుకో."

"పోత" అంది. పోలేదు. ఒక రోజు జొన్నలు రాలేదు, ఒక రోజు కట్టెలు తడిశాయి, ఒక రోజు చర్చిలో ఉపవాస ప్రార్థన. అసలు సంగతి వేరే. గోలీ మానిన మర్నాడు ఏదో అవుతుందనుకుంది, ఏమీ కాలేదు. వారం గడిచింది, ఏమీ కాలేదు. దాహం కొంచెం ఎక్కువైంది, ఎండ కదా అనుకుంది. రాత్రి నాలుగుసార్లు లేస్తోంది, వయసు కదా అనుకుంది. మంగళవారం మహేశ్వరి వస్తే తలుపు వేసుకునేది. బయట నుంచి "అనంతమ్మా, జర తలుపు తీయి, షుగర్ చూసుకో" అని పిలిచేది ఆమె. లోపల నుంచి పలికేది కాదు ఈమె. అలా నాలుగు నెలలు. ఎంత మొండితనం! కానీ ఆ మొండితనం ఊరికే వచ్చిందా?

ఇక తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దుగూకినాక నూరు రొట్టెలు చేసే మనిషి, తను తినేది మాత్రం రేషన్ బియ్యం అన్నం. రొట్టెలు అమ్మేటందుకు, అన్నం తినేటందుకు అని మనసులో ఎప్పుడో రాసి పెట్టేసుకుంది. పొయ్యి దగ్గర సెగకు నోరెండుతుందని గంటకో చక్కెర చాయ్. మహేశ్వరి మీద కోపం వచ్చాక ఆ చాయ్‌లో ఇంకో చెంచా ఎక్కువే పడింది.

చౌరస్తాలో ఆమె దగ్గర రోజూ ఆరు రొట్టెలు తీసుకుపోయే మనిషి ఒకడున్నాడు. సంతోష్ అని, స్కూలు క్లర్కు. తెల్ల స్కూటీ, ముందర వైరు బుట్ట, అందులో నీలం గళ్ళ గుడ్డ. రొట్టెలు ఆ గుడ్డలో చుట్టించుకునేవాడు, మెత్తగా ఉంటాయని.

"మా ఇంటామెకు షుగర్ అక్కా. అన్నం బంద్ పెట్టింది. పొద్దుగాల రెండు, మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు, నీ రొట్టెలే. వేరేటోళ్ళవి తింటలేదు."

"మంచిదే సారూ. మరి దిగిందా?"

"అదే సమజైతలేదు. రొట్టెనే తింటుంది, గోలీలు మింగుతుంది, పొద్దుగాల నడుస్తుంది. అయినా రెండువందల యాభైకి తక్కువ వస్తలేదు."

అనంతమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ నవ్వింది. "యాడనో చక్కెర చాయ్ తాగుతుంటది. అడుగుండ్రి."

"ఇంట్ల అయితే తాగది" అన్నాడు సంతోష్. అని ఒక్కసారిగా అరిచాడు. "అక్కా! కాలు! నీ కాలు మీద నిప్పు!"

అనంతమ్మ కిందికి చూసింది. పీట మీద కూర్చుని ఎడమ కాలు పొయ్యి పక్కకు చాపుకోవడం ఆమె అలవాటు. కట్టె చివర విరిగి, రేగుపండంత నిప్పుకణిక బొటనవేలి మీద పడి ఉంది. ఎర్రగా, నిదానంగా కాలుతోంది. వేలి మీది తోలు నల్లబడింది. వాసన కూడా వస్తోంది. అనంతమ్మ చేత్తో దులిపేసింది. దులిపిన చేతికి చుర్రుమంది. కాలికి ఏమీ తెలియలేదు.

చేతికి తెలిసింది, కాలికి తెలియలేదు. ఆ మాట అర్థమయ్యేసరికి అనంతమ్మ పెనం మీది రొట్టెను వదిలేసి వంగింది. వేలిని గిచ్చి చూసుకుంది. ఇంకొకరి వేలు గిచ్చినట్టుంది. సంతోష్ ఎదురుగా ఉన్నాడని నవ్వి, "ఏం కాలేదు సారూ, పొయ్యి దగ్గర ఉండేటోళ్ళకు ఇవన్నీ మామూలే" అంది. ఆ రోజు పిండి ఇంకా మిగిలి ఉండగానే పొయ్యి ఆర్పేసింది.

పసుపు అద్దింది. నాగరాణి చెప్పిందని ఏదో ఆకు పసరు పోసింది. పది రోజులకు బొబ్బ పగిలింది, పుండయింది, పక్క వేలికి పాకింది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చూపించలేదు. పీటరే ఒక పొద్దున వాసన పట్టి, గుడ్డ విప్పి చూసి, ఇంకో మాట మాట్లాడకుండా ఆటో తెచ్చాడు.

పట్నం దవాఖానలో డాక్టర్ ప్రియాంక పడుచుపిల్ల. కాలు చూసింది, మిషన్‌లో అంకె చూసింది. నాలుగువందల పన్నెండు. దూది పోగుతో అరికాలంతా తాకుతూ "ఇక్కడ తెలుస్తుందా? ఇక్కడ?" అని అడిగింది. అనంతమ్మ కళ్ళు మూసుకుని "లేదు, లేదు" అంటూ పోయింది. చెప్పి చెప్పి ఆమెకే భయమేసింది.

"గోలీలు ఎప్పటి నుంచి ఆపేశారమ్మా?"

అనంతమ్మ దాచలేదు. చాయ్ సంగతి, అరుగు సంగతి, గ్లాసు సంగతి మొత్తం చెప్పింది. బయట లైను ఉన్నా డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని అంతా విన్నది. తిడుతుందని పీటర్ తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"మీకు కోపం రావడంలో తప్పేం లేదమ్మా. నాకైనా వస్తుంది. కానీ ఒకటి చెప్పండి. నాలుగు నెలల్లో ఆ నర్సమ్మ కాలికేమైనా అయిందా?"

అనంతమ్మ తన నల్లబడ్డ వేలు చూసుకుంది.

"వేలు ఉంటుందా పోతుందా అన్నది నేను ఇప్పుడే చెప్పలేను. లోపల ఎముక దాకా పోయిందో లేదో ఫోటో తీసి చూస్తా. ప్రస్తుతానికి ఇన్సులిన్ సూదులు పెట్టాలి. షుగర్ దిగితేనే పుండు మానుతుంది. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ఉత్తకాళ్ళతో నడవొద్దు. పొయ్యికి, కాలికి నడుమ ఇటుకలు పేర్చుకోండి. తిండి ఏం తింటారు?"

"అన్నం."

"ఏం పని చేస్తారు?"

"రొట్టెలు చేస్త. జొన్నరొట్టెలు."

డాక్టరమ్మ పెన్ను ఆపి ఆమె మొహంలోకి చూసింది. "జహీరాబాద్‌లో సగం మంది షుగర్ పేషెంట్లకు రొట్టె తినండని నేనే చెప్పి పంపుతా. వాళ్ళు మీ దగ్గరే కొంటారేమో. మీరు మాత్రం అన్నం తింటారా?"

పీటర్ అక్కడే పక్కున నవ్వాడు. అనంతమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"రొట్టె కూడా లెక్కలేకుండా తినొద్దు. పూటకు రెండు, ఆకుకూరో పప్పో ఎక్కువ పెట్టుకోండి. చక్కెర చాయ్ బంద్. సరే, కట్టు కోసం ఇంత దూరం రావడమెందుకు, మీ వాడ నర్సునే ఇంటికి పంపిస్తా."

"ఆమె నా గడప తొక్కొద్దు. నేనే వస్త" అంది అనంతమ్మ. పీటర్ మళ్ళీ నెత్తి కొట్టుకున్నాడు.

అలా రోజు విడిచి రోజు ఆటోలో, పీటర్ మోకాళ్ళ మీద కాలు పెట్టుకుని పోయింది. మూడోసారి పోయినప్పుడు దవాఖాన గేటు దగ్గర తెల్ల స్కూటీ ఆగింది. ముందర వైరు బుట్ట. సంతోష్ సారే. అనంతమ్మ పలకరిద్దామని చెయ్యి ఎత్తింది. వెనక సీటు మీద నుంచి దిగిన మనిషి మహేశ్వరి.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. సంతోష్ బుట్టలోంచి మూట తీసి పెళ్ళాం చేతికిచ్చాడు. నీలం గళ్ళ గుడ్డ. నిన్న సాయంత్రం అనంతమ్మ కాలికి కట్టుతో, పొయ్యికి ఇటుకలు అడ్డం పెట్టుకుని కొట్టిన రొట్టెలు. ఆమె చేత్తో పిసికిన పిండి, ఆమె చేత్తో తట్టినది, ఆమె చేత్తో చుట్టి ఇచ్చినది. మహేశ్వరి ఆ మూటను సంచిలో పెట్టుకుని లోపలికి నడిచింది.

ఎంత మోసం! నా చెయ్యి పనికొస్తుంది, నా గ్లాసు పనికిరాదా? నా రొట్టె ఆమె కడుపులోకి పోతుంది, నా చాయ్ పోదా? ఆటోలో తిరిగి వస్తున్నంత సేపూ అనంతమ్మ పళ్ళు కొరుకుతూనే ఉంది. పీటర్ ఏమైందని అడిగితే చెప్పలేదు. "మంగళవారం రానీ" అంది అంతే.

మంగళవారం వచ్చింది. ఈసారి తలుపు బార్లా తీసి, అరుగు మీద కుర్చీ వేసుకుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది అనంతమ్మ. మహేశ్వరి సందులోకి తిరిగి, తెరిచిన తలుపు చూసి ఆగి, మెల్లగా వచ్చింది.

"కాలు ఎట్లుంది అనంతమ్మా? డాక్టర్ మేడం చెప్పిన్రు..."

"కాలు సంగతి తర్వాత. నీలం గళ్ళ గుడ్డల చుట్టిన రొట్టెలు ఎట్లున్నయి? అంచు ఏమన్న గట్టిగైందా?"

మహేశ్వరి చెయ్యి భుజం మీది సంచి మీదికి పోయింది.

"ఆ రొట్టెలు ఎవలు చేసిన్రో నీకెరుకనా, ఎరుక లేదా?"

అబద్ధమాడితే తప్పించుకునేదే. అబద్ధమాడలేదు. "ఎరుకే. మా ఆయన చౌరస్తాల అనంతమ్మక్క అని చెప్పిండు."

వాడలో నలుగురు చేరారు. నాగరాణి అయితే వచ్చి ఏకంగా అరుగు మెట్టు మీద కూర్చుంది.

"నాకు షుగర్ అనంతమ్మా" అంది మహేశ్వరి, గొంతు తగ్గించి. "గందుకే చాయ్ వద్దంట. ఊరందరికి షుగర్ చూసే నర్సుకే షుగర్ అంటే నవ్వుతరని ఎవలికి చెప్పలే."

"షుగర్ ఉంటే శరణమ్మ ఇంట్ల ఎట్ల తాగినవ్?"

"వాళ్ళు పెద్దోళ్ళు. పోసి చేతికిస్తరు. కాదనలేను."

"వాళ్ళ ఇంట్ల కాదనలేవు. నా ఇంట్ల కాదనొచ్చు."

మహేశ్వరి రిజిస్టరును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"షుగర్ ఎప్పుడొచ్చింది నీకు?"

"ఎనిమిది నెలలైతుంది."

"నువ్వు మా వాడకు రావట్టి మూడేండ్లు దాటె." అనంతమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "ఎనిమిది నెలలు షుగర్ అనుకుందాం. మిగిలిన రెండున్నరేండ్లు ఏమొచ్చింది నీకు?"

మహేశ్వరి రిజిస్టరును రొమ్ముకు అదుముకుని నిలబడింది. "ఇక్కడ తాగిన్నని ఎరుకైతే ఆ ఇండ్లల్ల నన్ను గడప లోపలికి రానియ్యరు. ఫస్టుల ఊరి పక్క ఒకామె నాకు చెప్పింది. భయపడ్డ" అంది.

"రోడ్డు మీద కొన్న రొట్టె అయితే ఎవలు చూడరు. నా అరుగు మీద తాగితే పదిమంది చూస్తరు. అంతేనా? థూ! ఆ అరుగుల మీద చాయ్‌లు తాగి తాగి నీ షుగర్ దిగుతలేదు. ఈ అరుగు మీద నువ్వు తాగకపోతే ఉడుక్కొని నా కాలు కాల్చుకున్న నేను. ఇద్దరం ఇద్దరమే! ఆ శరణమ్మ మాత్రం రాయి లెక్క ఉంది."

అనుకోకుండా నాగరాణి నవ్వింది. మహేశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అనంతమ్మ నవ్వలేదు, కరగనూ లేదు.

"ఏడుపు నా ముందల వద్దు. గోలీలు, సూదులు అక్కడ పెట్టు. అవి నావి, నీవి కావు, ఇయ్యాల్టి సంది ఒక్కటి విడిచిపెట్ట. కట్టు కూడ కట్టు, అది నీ నౌకరీ. చాయ్ మాత్రం నిన్ను ఇగ నేను అడగ. అడిగి అడిగి నా నోరు నొచ్చింది."

మహేశ్వరి కింద కూర్చుంది. గ్లౌజులు వేసుకుని కట్టు విప్పింది. పుండును సెలైన్ నీళ్ళతో కడిగి, కొత్త గుడ్డ చుట్టింది. చెయ్యి బాగుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టే ఈ మనిషికి గ్లాసు ముట్టుకోవడానికి ఏమడ్డం వచ్చిందో అనంతమ్మకు ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు.

తర్వాత రెండు నెలలూ ఒకటే తీరు. రోజు విడిచి రోజు మహేశ్వరి వచ్చేది, కట్టు మార్చేది, పోయేది. అనంతమ్మ చాయ్ మాటెత్తేది కాదు. పొద్దున సూది పొడుచుకోవడం నేర్చుకుంది, మొదటి వారం పీటర్ పక్కనుండి చూశాడు, తర్వాత అతన్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రం దించిన మొదటి రెండు రొట్టెలు పక్కన పెట్టుకునేది, గిరాకీ వచ్చి అరిచినా ఇచ్చేది కాదు. "అవి నావి" అనేది. వాటిలోకి పుంటికూర పప్పు. చాయ్‌లో చక్కెర మానేసిన మొదటి రోజు మూతి వంకరపోయింది, మాట్లాడితే కరిచేట్టుంది, పీటర్ తప్పుకుని తిరిగాడు. నెలకోసారి డాక్టరమ్మ దగ్గరికి పోయి కాళ్ళు, కళ్ళు చూపించుకుంది. బొటనవేలి గోరు పోయింది, కొంచెం కండ పోయింది. ఎముక దాకా పోలేదు. చివరికి పుండు అడుగున ఎర్రటి కొత్త కండ కనబడితే డాక్టరమ్మ వేలు పట్టుకుని, "ఇది ఉంటుందమ్మా. మీ దగ్గరే ఉంటుంది" అంది. అనంతమ్మకు ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది. నూట నలభై ఎనిమిది వచ్చింది ఆ రోజు పరగడుపు అంకె. గోలీలు, సూదులు జన్మంతా ఉండొచ్చు, అంకె దిగిందని ఆపితే మళ్ళీ మొదటికే వస్తుందని కూడా చెప్పింది. "ఆపను. ఒకసారి బుద్ధొచ్చింది" అంది అనంతమ్మ.

చివరి కట్టు విప్పిన మంగళవారం, మహేశ్వరి గ్లౌజులు తీసి సంచిలో వేసుకుంది. లేవలేదు. సందులో జనం ఉన్నారు, నల్లా వచ్చే వేళ, బిందెలతో ఆడవాళ్ళంతా బయటే ఉన్నారు. ఊరి పక్క నుంచి చౌరస్తాకు పోయేవాళ్ళు కూడా అటే నడుస్తున్నారు.

"అనంతమ్మా" అంది. "జర చాయ్ పోస్తవా? చక్కెర లేకుంట."

బిందెల చప్పుడు తగ్గింది. అనంతమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"శరణమ్మ ఇంట్ల తాగి రాలేదా?"

"వద్దన్న. షుగర్ అని చెప్పిన. రెండు వారాలాయె, ఏ ఇంట్ల తాగుతలేను."

"ఇక్కడ తాగినవని వాళ్ళకు ఎరుకైతే?"

"అయితే కానీ" అంది మహేశ్వరి.

"అయితే ఆగు. పొయ్యి ముట్టించలే."

ఊరికే చెప్పింది. గ్యాస్ పొయ్యి లోపల ఉండనే ఉంది. కానీ అనంతమ్మ ఎందుకు తొందరపడాలి? మూడేళ్ళు తను ఎదురుచూసింది, ఈమె పావుగంట చూడలేదా? బయట కట్టెల పొయ్యి మీదే, పుల్లలు విరిచి, మంట పెట్టి, అల్లం దంచి, పాలు పోసి, నిదానంగా మరిగించింది. వాడంతా చూస్తుండగా మహేశ్వరి అరుగు మీద కూర్చునే ఉంది. ఎండ మొహం మీద పడుతున్నా జరగలేదు.

స్టీలు గ్లాసులో పోసి చేతికిచ్చింది అనంతమ్మ. ఇంకో గ్లాసులో తనకు పోసుకుని ఎదురుగా కూర్చుంది. చక్కెర లేని చాయ్ ఇద్దరికీ చేదుగానే ఉంది. మహేశ్వరి అడుగు దాకా తాగింది.

తాగి, లేచింది. గ్లాసు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి, నీళ్ళ గోలెం దగ్గరికి నడిచి, చెంబు ముంచి, గ్లాసు కడగబోయింది.

అనంతమ్మ కుర్చీలోంచి లేచిన లేవడంలో కాలు సంగతే మరిచిపోయింది. రెండు అంగల్లో వెళ్ళి ఆ చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

"ఇటియ్యి! మా ఇంట్ల చాయ్ తాగినోళ్ళతోని మేము గ్లాసు కడిగించం."